మూడుసార్లు చచ్చిన హెరాక్లీస్

ఆ రోజుల్లో నేనెంత సన్నగా ఉండేవాణ్ణంటే, ఎడిసన్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రైలు వచ్చే గాలికి నేను ఎగిరిపోకుండా నా లాప్‌టాప్ బ్యాగే నన్ను పట్టుకుని నిలబడేది. బరువు యాభైమూడు కిలోలు. అందులో ఒక కిలో కళ్ళజోడు, అరకిలో మీసం. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. ఆ మనిషి ఈ మనిషి లోపలే ఎక్కడో ఉన్నాడనీ, బయటికి దారి తెలియక తిరుగుతున్నాడనీ ఎంత చెప్పినా నవ్వుతారు. పోనీయండి. కుర్రతనంలో చేసిన తప్పుల్ని తల్చుకుని సిగ్గుపడుతున్నంతకాలం మనం ఇంకా కుర్రవాళ్ళమే, తల్చుకుని మురిసిపోవడం మొదలైతే మధ్యవయసు వచ్చినట్టు అని నా సిద్ధాంతం. ఈమధ్య నేను విపరీతంగా మురిసిపోతున్నాను. ముఖ్యంగా ఆ యాభైమూడు కిలోల శరీరంతో, న్యూజెర్సీలో ఒక సెప్టెంబరు ఆదివారం మధ్యాహ్నం, లక్షమంది జనం ఎదుట (మా ఆవిడ నా భుజం మీంచి చదువుతూ "రెండొందల మంది అని రాయండి" అంటోంది, ఆవిడ అక్కడ లేదు, నేనున్నాను) గ్రీకు పురాణాల్లోకెల్లా మహాబలుడైన హెరాక్లీస్ వేషం కట్టిన సంగతి తల్చుకుని.

హెరాక్లీస్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇంగ్లీషువాళ్ళు హెర్క్యులిస్ అంటారు. దేవుడికీ మనిషికీ పుట్టినవాడు. ఉయ్యాల్లో ఉండగానే రెండు పాముల్ని పిసికి పారేశాడు. ఉత్త చేతులతో సింహాన్ని చంపి దాని తోలు కప్పుకు తిరిగాడు. పన్నెండు అసాధ్యమైన పనులు చేశాడు (అప్పట్లో మా మేనేజర్ నాకు పదిహేడిచ్చాడు, నా మీద ఎవరూ పురాణం రాయలేదు). చేతిలో దుడ్డుకర్ర, పళ్ళెం నిండా తిండి, కోపం వస్తే చెట్లు పీకడం. మనకీ అలాంటివాడొకడున్నాడు, పేరు నేను చెప్పక్కర్లేదు. ఇంత బలవంతుడూ చివరికి ఒక చొక్కా వల్ల చచ్చిపోయాడు. శత్రువొకడు చస్తూ చస్తూ ఈయన భార్యకి తన నెత్తురిచ్చి, "నీ మొగుడి ప్రేమ తగ్గితే ఇది పూసిన బట్ట కట్టబెట్టు, మళ్ళీ నీవాడవుతాడు" అని చెప్పాడు. ఆ అమాయకురాలు నమ్మింది. అది విషం. చొక్కా ఒంటికి అంటుకుని కాలింది, విప్పుదామంటే చర్మంతో సహా వచ్చింది. ఆ బాధ భరించలేక ఆయన తన చితి తానే పేర్చుకుని ఎక్కాడు.

ఈ కథంతా నాకు చెప్పింది డైనర్ తాత. న్యూజెర్సీలో ఆ రోజుల్లో ఏ డైనర్ (రోడ్డుపక్క టిఫిన్ హోటలన్నమాట) తలుపు తోసినా గల్లాపెట్టె వెనక ఒక గ్రీకు పెద్దమనిషి ఉండేవాడు. మా అపార్ట్‌మెంట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న డైనర్‌లో ఈయన. ఎదురుగా "బాస్" అనేవాళ్ళం, వెనక "తాత" అనేవాళ్ళం. మేమంటే నేనూ, నా ఇద్దరు రూమ్మేట్లూ. ఒకడు తెనాలివాడు. మేనమామ పౌరాణిక నాటకాల్లో పేరున్న నటుడు కావడంతో వీడు రెండు సూట్‌కేసుల్లో ఒకదాని నిండా హార్మోనియం పెట్టుకుని అమెరికా దిగాడు, అందుకని వాడి పేరు హార్మోనియం. రెండోవాడు వరంగల్‌వాడు, వాడి పేరు వరంగల్. నన్ను వాళ్ళు పుల్ల అనేవాళ్ళు. ప్రతి శనివారం మధ్యాహ్నం మా ముగ్గురి భోజనం అక్కడే. పన్నెండు పేజీల మెనూ, గుమ్మడికాయంత కాఫీ కప్పులు, వరంగల్ కోసం తాత విడిగా దాచి ఉంచే పచ్చిమిరపకాయల సీసా.

ఆ డైనర్ గోడల నిండా హెరాక్లీసే. పాత కుండల మీది బొమ్మలకి నకళ్ళు, ఆలివ్ నూనె డబ్బా మీది హెరాక్లీస్, ఏదో జిమ్ వాళ్ళు వేసిన క్యాలెండరు హెరాక్లీస్, పిల్లలు పాలు తాగే కార్టూన్ కప్పు హెరాక్లీస్. తాత ఏ కాలేజీలోనూ చదవలేదు గానీ ఆమ్లెట్ తిరగేస్తూ ఆయన చెప్పినంత పాఠం నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. "అబ్బాయ్, ఇటు చూడు," అనేవాడు అట్లకాడతో గోడ చూపించి. "పాతకాలం హాస్య నాటకాలవాళ్ళు ఈయన్ని తిండిబోతుని చేసి నవ్వించారు. విషాద నాటకాలవాళ్ళు పిచ్చెక్కించి ఏడిపించారు. నీతులు చెప్పేవాళ్ళు కష్టపడి పనిచేసేవాడికి గుర్తుగా నిలబెట్టారు. రాజులు తమ నాణేల మీద వేసుకున్నారు. ఇప్పుడు జిమ్ వాడు కండలు మాత్రం ఉంచుకుని మిగతాది పారేశాడు. వేలయేళ్ళ నుంచీ ఎవడి బరువు వాడు తెచ్చి ఈయన భుజం మీద పెడుతున్నాడు. ఒక్కడైనా దింపడు." అని ఆమ్లెట్ పళ్ళెంలోకి జార్చి, "టోస్ట్‌కి వెన్న రాయనా?" అనేవాడు.

ఈ తాత ఏటా వాళ్ళ చర్చి పండగలో హెరాక్లీస్ మరణం నాటకం ఆడేవాడు. ముప్ఫై ఏళ్ళుగా హెరాక్లీస్ ఆయనే, హెరాక్లీస్ భార్య ఆయన భార్యే. ఆ మహాతల్లిని మేమూ ఎరుగుదుం, వంటగది కిటికీలోంచి మమ్మల్ని చూసి "ఈ పిల్లలకి ఇంకో రొట్టె వెయ్యి" అని కేకేసే మనిషి. ఆ చలికాలంలో ఆవిడ పోయింది. వసంతంలో తాతకి మోకాలు ఆపరేషనయింది. వేసవికల్లా చర్చి పండగ కమిటీ పెద్దావిడ డైనర్‌కొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని చాలా మర్యాదగా ఒక మాట చెప్పి వెళ్ళింది. ఆ మాట తాత మాకు కాఫీ పోస్తూ చెప్పాడు. "పిల్లలకి నాటకం విసుగట. ఈ ఏడు కూడా జనం లేచిపోతే, వచ్చే ఏటి నుంచి ఆ గంటా, ఆ జాగా గాలి నింపిన జారుడుబల్లకి ఇస్తారట." పోస్తున్న కాఫీ కప్పు నిండి సాసర్లోకి వచ్చింది. ఆయన చూసుకోలేదు. "భార్య వేషం మా మనవరాలు వేస్తానంది. హెరాక్లీస్ లేడు. మా కుర్రాళ్ళని అడిగితే ఆ వేషానికి కట్టే పొట్టి లంగా కట్టుకోం అంటున్నారు. ఆవిడ పోయిన ఏడాదే నాటకం కూడా పోతే..." అని అక్కడితో ఆపి కాఫీ తుడవడం మొదలుపెట్టాడు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ అప్పటికి మూడు నెలలుగా నేను ఆ డైనర్‌లో, కాలేజీ రోజుల్లో నటనకి మా జిల్లా అంతటా నా పేరు మోగిపోయిందని కోస్తూ వచ్చాను. (నిజానికి నేను వేసింది ఒకే వేషం. రాజదర్బారులో కుడిపక్క నిలబడే భటుడు. అది కూడా మొదటి అంకంలోనే కిరీటాలు మోసుకెళ్ళడానికి లోపలికి పిలిచేశారు.) హార్మోనియం గాడు నావైపు చూశాడు. వాడి చూపు నచ్చక నేను కంగారుగా ముందున్న సూప్ గిన్నె ఎత్తాను. నిమ్మరసం పిండిన కోడి సూపు, పొయ్యి మీంచి అప్పుడే దిగింది. గిన్నె జారింది. మొత్తం నా కొత్త తెల్లచొక్కా మీద.

తర్వాత జరిగింది నాకు గుర్తు లేదు, వరంగల్ చెబితే తెలిసింది. బల్ల మీదికి ఎగిరానట, బల్ల మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి నేల మీదికి. బొత్తాలు ఊడదీసే ఓపిక లేక చొక్కా నిలువునా చించానట. తెలుగులో మొదలుపెట్టి, ఇంగ్లీషు మీదుగా, చివరికి ఏ భాషకీ చెందని ఒక కేక వేశానట. పక్క బల్ల దగ్గర ప్యాన్‌కేక్ తింటున్న ఒక ముసలావిడ శిలువ గుర్తు వేసుకుందట. నేను తేరుకునేసరికి డైనరంతా నన్నే చూస్తోంది. తాత ఆ కుంటికాలితో గల్లాపెట్టె దాటి వచ్చి నా ఎదుట నిలబడి ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు. "ముప్ఫై ఏళ్ళు నేను చేసింది వేస్ట్," అన్నాడు. "చొక్కా కాలడం అంటే ఇదీ."

"నేనా? బాస్, నన్ను చూడండి," అన్నాను, ఎముకల గూడులా ఉన్న నా ఛాతీ చూపించి.

"కండలు క్యాలెండర్‌కి కావాలి. నాకు బాగా చచ్చేవాడు కావాలి."

"బాస్, వీడు సావుడుల మస్తు ఎక్స్‌పర్ట్," అన్నాడు వరంగల్ ఇంగ్లీషులో దాదాపు అదే అర్థం వచ్చేలా. "ఆఫీసుల రోజూ సస్తడు."

ఇక రిహార్సల్స్. శనివారాలు మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక, డైనర్ వెనకగదిలో. తాత దుడ్డుకర్ర నిజం ఆలివ్ చెట్టు కొమ్మ, నేనెత్తబోతే అది కదల్లేదు, నేను కదిలాను. అట్ట చుట్టి రంగేసి వేరేది చేశారు. తాత సింహం తోలుని ఆ ముప్ఫై ఏళ్ళలో పురుగులు తినేశాయి. దానికి వరంగల్ తన దుప్పటి తెచ్చాడు. మీ అందరి ఇళ్ళలోనూ ఉంటుందే, గొర్రెపిల్లంత బరువుండి, మధ్యలో పులి తలకాయ మన వైపే చూస్తూ ఉండే దుప్పటి, అది.

"ఇది పులి," అన్నాడు తాత.

"జూలు అంటిస్తే సింహమే అయితది బాస్. జెర ఆగుండ్రి," అని వరంగల్ లోపలికెళ్ళి నేల తుడిచే మాపు కుచ్చు కోసుకొచ్చి పులి మెడ చుట్టూ కుట్టాడు. తాత దాన్ని చాలాసేపు చూసి, "మా ఆవిడ ఉంటే నవ్వేది," అన్నాడు. అది ఒప్పుకున్నట్టే.

అసలు చిక్కు చావు దగ్గరే వచ్చింది. నాటకమంతా ఇంగ్లీషు. చివర్న చితి మీద చెప్పే మాటలు మాత్రం గ్రీకులో చెప్పడం తాత ఆనవాయితీ. ఆ గ్రీకు నా నోట్లోకి దిగలేదు. మూడు వారాలు ప్రయత్నించాక తాత తల పట్టుకుని, "నీ భాషలో ఏడువు. ఎలాగూ మా పిల్లలకి గ్రీకు రాదు," అన్నాడు. ఆ మాట కోసమే పుట్టినట్టు హార్మోనియం గాడు లేచాడు. మర్నాటికల్లా తేటగీతి రాసుకొచ్చాడు.

చెలియ! నీ ప్రేమ నేసిన చేలమిద్ది
కాలె నా మేను. నీకింత కలత యేల?
తప్పు నీదన్న లోకము తలను వంచు;
మరల వచ్చెద నీ చేతి మమత కొరకు!

హార్మోనియం మీద రాగం తీసి, చివరి పాదం "కొరకూ..." దగ్గర తెనాలి నుంచి బెజవాడ దాకా సాగదీసి పాడాడు. ఎస్ప్రెస్సో మిషన్ దగ్గరున్న కుక్ బయటికొచ్చి చూశాడు. తాత అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. "చెలీ, ఇది నీ ప్రేమతో నేసిన బట్ట. నా ఒళ్ళు కాలిందిలే, నీకింత దిగులెందుకు? తప్పు నీదన్న లోకమే తల దించుకుంటుంది. నీ చేతి మమత కోసం మళ్ళీ వస్తాను."

 తాత తన చేతికర్ర కొనతో నేల మీద గీస్తూ కూర్చున్నాడు.

"మా నాటకంలో ఆయన అలా అనడు," అన్నాడు చివరికి. "తిడతాడు. నన్ను చంపావు కదే అని శపిస్తాడు. నేను ముప్ఫై ఏళ్ళు స్టేజీ మీద మా ఆవిడని తిట్టాను. ఇంటికెళ్తూ కార్లో ఏటా అడిగేది, ఆ పిల్లకి తెలియక చేసిందని తెలిసి కూడా ఎందుకు తిడతావు అని. నాటకంలో అలా ఉంది, నేనేం చెయ్యను, అనేవాణ్ణి." కర్ర ఆగింది. "మార్చవచ్చని నాకు తట్టలేదు."

హార్మోనియం గాడు ఇబ్బందిగా కదిలి, "మీకు బాగోకపోతే తీసేస్తాను బాస్. మా వైపు చచ్చేవాడు పెళ్ళాన్ని తిడితే జనం ఊరుకోరు, అందుకని..." అన్నాడు.

"ఒక్క అక్షరం మార్చకు," అన్నాడు తాత. తర్వాత ఆ పద్యాన్ని నా చేత పదిసార్లు చెప్పించుకుని, బిల్లు పుస్తకం వెనక గ్రీకు అక్షరాల్లో రాసుకున్నాడు.

తాత నాకిచ్చిన ఆజ్ఞ ఒక్కటే. "చచ్చాక కదలకు. ఈగ వాలినా కదలకు. హెరాక్లీస్ ఒక్కసారే చస్తాడు." సరేనన్నాను. కానీ అసలు శిక్షణ ఇంట్లో జరుగుతోందే! హార్మోనియం గాడి బడిలో చావు అంత తేలిక కాదు. మన పద్య నాటకాల్లో పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అంటారు, అంటే పాడాలి, పాడేవాడు చచ్చి ఉంటే లేచి పాడి, మళ్ళీ చావాలి. "మా మామయ్య ఒకే ఆటలో ఏడుసార్లు చచ్చాడ్రా," అనేవాడు వాడు, కళ్ళు తుడుచుకుంటూ. "జనం నోరు తెరిచి అడిగితే పడుకునుంటావా? ఎంత పొగరు! అట్టాంటోడు నటుడే కాదు." అని మా లివింగ్ రూమ్ కార్పెట్ మీద నన్ను పడుకోబెట్టి, వరంగల్ చేత అరిపించి, లేపేవాడు. వారం రోజుల్లో నా ఒళ్ళు ఎలా తయారైందంటే, వరంగల్ గాడు వంటింట్లో చారు రుచి చూసి "వన్స్ మోర్" అన్నా బాత్‌రూంలో నేను లేచి నిలబడేవాణ్ణి.

పండగ రోజు వచ్చింది. చర్చి వెనక పార్కింగ్ లాట్‌లో పెద్ద డేరా, చెక్కల స్టేజీ. డైనర్ నుంచి తెచ్చిన అట్టపెట్టెలతో చితి, దానిమీద మంటలకి ఎర్ర సెలొఫేన్ కాయితాలు, కింద టేబుల్ ఫ్యాను. ముందు వరసలో తాత, చేతిలో కర్ర. ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంచి దాని వీపుకి ఆవిడ శాలువా వేశాడు. వెనక వరసల్లో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళు నలభై మంది. వరంగల్ అందరికీ ఈమెయిల్ పెట్టి లాక్కొచ్చాడు (నాటకం సంగతి కింద రాశాడట, పైన కబాబుల సంగతి రాశాడట). స్టేజీ పక్కన చాప మీద హార్మోనియం గాడూ, వాడి పెట్టే. గుడారం చివర, కమిటీ పెద్దావిడ గడియారం చూసుకుంటూ.

నేను పులిసింహం కప్పుకుని రంగప్రవేశం చేయగానే పిల్లలు నవ్వారు. దుప్పటి బరువుకి మోకాళ్ళు వంగుతున్నాయి, సెప్టెంబరు ఉక్కకి లోపల నేను ఇడ్లీలా ఉడుకుతున్నాను. కండలు చూపించే సీన్‌లో ఇంకా నవ్వారు. మూడో వరసలో ఒకాయన లేచి కాఫీకి వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరు. తాత వెనక్కి తిరిగి ఖాళీ అవుతున్న కుర్చీలు చూసి మళ్ళీ ముందుకి తిరిగాడు.  నాకు ఆ కుర్చీలన్నీ గాలి నింపిన జారుడుబల్లలుగా కనబడ్డాయి.

ఇక చొక్కా సీను. నేను నటించలేదు, నిజం చెబుతున్నాను. ఆ సూప్‌ని తల్చుకున్నానంతే. ఎగిరాను, దొర్లాను, దుప్పటి చితి మీదికి విసిరాను, అరిచాను. నవ్వు ఎక్కడో తెగింది. మనవరాలు "నేనేం చేశాను, నేనేం చేశాను" అంటూ వెంటపడింది. నేను అట్టపెట్టెల చితి ఎక్కి పడుకున్నాను. హార్మోనియం శ్రుతి అందుకుంది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని పద్యం ఎత్తుకున్నాను. ఆ పూట నా గొంతులోకి ఏ దేవత దూరిందో, ఆ రాగానికి డేరా గుంజలు కదిలాయి, పక్క ఊళ్ళో రైళ్ళు ఆగాయి (మా ఆవిడ పెన్ను లాక్కోబోతోంది). "నీ చేతి మమత కొరకూ..." అని సాగదీసి, తల పక్కకి వాల్చి చచ్చిపోయాను. నిశ్శబ్దం. ఎవరో ముక్కు చీదారు. కాఫీ పట్టుకున్నాయన గుడారం గుమ్మంలో నిలబడిపోయాడు. ఫ్యాను గాలికి సెలొఫేన్ రెపరెపమంటోంది. గెలిచాం.

అప్పుడు వెనక నుంచి వరంగల్ గొంతు. "వన్స్ మోర్!"

వాడి వెనక నలభై గొంతులు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

కదలకూడదని నాకు తెలుసు. మెదడు 'వద్దు' అంది. కానీ అప్పటికే నేను కూర్చుని ఉన్నాను.

నా ఛాతీ మీద పడి ఏడుస్తున్న మనవరాలు దడుసుకుని, "ఏం చేస్తున్నావ్? నువ్వు చచ్చిపోయావ్!" అంది నోరు కదపకుండా.

"ఒక్క నిమిషం," అన్నాను.

జనం ఘొల్లున నవ్వారు. పిల్లలు కుర్చీలెక్కారు. హార్మోనియం గాడు పరమానందంగా శ్రుతి మళ్ళీ ఇస్తున్నాడు. కమిటీ పెద్దావిడ మైకు కోసం స్టేజీ వైపు నడిచి వస్తోంది. నేను తాత వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. శాలువా వేసిన కుర్చీ వైపు తిరిగి ఉన్నాడు, మొహం కనబడలేదు. భూమి బద్దలై నన్ను మింగితే బాగుండుననిపించింది. ముప్ఫై ఏళ్ళ నాటకాన్ని నా చేతులతో నేనే చంపేశాను, అది కూడా చావాల్సినప్పుడు చావకుండా. అయినా పద్యం మొదలుపెట్టేశాక మధ్యలో ఆపడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. నవ్వుల మధ్యే పాడాను.  "తప్పు నీదన్న లోకము" దగ్గరికి వచ్చేసరికి సిగ్గుతో నాకే ఏడుపొచ్చింది. ఎలాగో ముగించి, దుప్పటి మొహం మీదికి లాక్కుని రెండోసారి చచ్చాను. దుప్పటి చీకట్లో కమిటీ పెద్దావిడ బూట్ల చప్పుడు చెక్కల మెట్లెక్కడం వినిపించింది.

అప్పుడు ఇంకో చప్పుడు. కర్ర నేలకేసి కొట్టిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు.

దుప్పటి కొంచెం దించి చూశాను. తాత లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి ఆ శాలువా మీద. ముప్ఫై ఏళ్ళు ఆ స్టేజీ మీద గర్జించిన గొంతు, పూర్తిగా విచ్చుకుంది.

"వన్స్ మోర్!"

కమిటీ పెద్దావిడ మెట్ల మీదే ఆగిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను లేచాను. ఆ అమ్మాయి తనంత తానే నా చెయ్యి పట్టుకుంది. హార్మోనియం గాడు రాగం తీయలేదు, ఒక్క శ్రుతి మాత్రం పట్టి ఉంచాడు. నేనూ సాగదీయలేదు. మాట చెప్పినట్టు చెప్పాను. ముందు వరసలో తాత పెదవులు నాతో పాటు కదులుతున్నాయి. ఆయన నన్ను చూడటం లేదు. ఆ ఖాళీ కుర్చీకి, అర్థం చెప్పించుకుని కంఠతా పట్టిన పరాయి భాషలో, ముప్ఫై ఏళ్ళ తిట్లకి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. "నీకింత కలత యేల?" మూడోసారి చచ్చినప్పుడు నేను నిజంగానే చాలాసేపు లేవలేకపోయాను.

తెర వెనక నేను "సారీ బాస్, సారీ బాస్" అని జపం చేస్తుంటే ఆయన నా మొహానికి అంటుకున్న మాపు పోగులు ఒక్కొక్కటే తీశాడు.

"ముప్ఫై ఏళ్ళు చచ్చాను అబ్బాయ్. ఒక్కసారి కూడా నన్నెవరూ లేవమనలేదు," అన్నాడు. "నీకు చెప్పలేదు కదూ, అసలు పురాణంలో కూడా ఆయన ఆ చితి మీంచి లేస్తాడు. దేవతలు పైకి తీసుకెళ్ళారని ఉంటుంది. మేం అది ఆడం, చావుతోనే ఆపేస్తాం. ఎందుకు లేచాడన్నది నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు." వెనక కబాబుల దగ్గర గుమిగూడిన మా నలభై మందినీ గడ్డంతో చూపించాడు. "ఎవరో అడిగి ఉంటారు."

వరంగల్ గాడు రెండు పళ్ళేలతో వచ్చి, "ఏంది బై, నాలుగోసారి పిలుద్దునా?" అన్నాడు. హార్మోనియం గాడు వాడి నెత్తిన ఒకటిచ్చాడు.

జారుడుబల్ల వచ్చింది గానీ పార్కింగ్ లాట్ అవతలి మూలకి. ఆ గంట నాటకానికే ఉండిపోయింది. మరుసటి ఏడూ నేనే చచ్చాను. ఆ తర్వాత ఉద్యోగం నన్ను దేశానికి ఆ చివర, పడమటి తీరంలో ఉన్న బాతెల్ అనే ఊరికి తీసుకుపోయింది. పెళ్ళి, పిల్లలు, ఇంటి లోను, నేను చెప్పిన ఈ శరీరం. తాత ఏటా క్రిస్మస్‌కి ఆలివ్ నూనె డబ్బా పంపేవాడు, మీద హెరాక్లీస్ బొమ్మతో. ఒక ఏడాది డబ్బా మనవరాలి దస్తూరీతో వచ్చింది. మూత మీద అంటించి చిన్న చీటీ. నేను ఆ డబ్బా ఇంకా విప్పలేదు.

మొన్న రెండువేల పద్నాలుగులో ఆఫీసు పని మీద ఎడిసన్ వెళ్ళాను. సెప్టెంబరు, ఆదివారం. కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. అదే డేరా. నాలుగో వరసలో కుర్చీ దొరికింది (ఒకటిన్నర కుర్చీ అని చెప్పడం న్యాయం). ఈసారి హెరాక్లీస్ నిజంగా హెరాక్లీసే, జిమ్ క్యాలెండర్లోంచి దిగినట్టున్న కుర్రాడు. కానీ భుజం మీద అదే పులి, మెడలో అదే మాపు జూలు. చితి ఎక్కాడు.  అమెరికా యాసలో, ఒత్తులన్నీ తప్పుగా, ఆ కుర్రాడు మొదలుపెట్టాడు. "చెలియా నీ ప్రేమా నేసినా..."

పక్కన కూర్చున్న ఎవరో పెద్దావిడ నా మొహం చూసి దయతలిచి, వంగి చెవిలో చెప్పింది. "ఇది చాలా ప్రాచీన గ్రీకు. ఇప్పుడెవరికీ అర్థం కాదు. మా పూర్వీకుల నుంచి వస్తోంది."

"విన్నట్టే ఉందండీ," అన్నాను.

హెరాక్లీస్ చచ్చాడు. వెంటనే డేరాలోని పిల్లలంతా ఒక్కసారి, "వన్స్ మోర్!" లేచాడు, పాడాడు, చచ్చాడు. "ఇదీ ఆచారమే. మూడుసార్లు," అంది పెద్దావిడ గర్వంగా. "మూడోది మాత్రం పిల్లలు పిలవరు. ఒక పెద్దాయన పిలిచేవాడు."

ముందు వరసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రెండింటికీ కలిపి ఒకటే శాలువా. స్టేజీ పక్కన మనవరాలు, ఇప్పుడు నాటకం నడిపేది తనే, ఆ కుర్చీల వైపు చూస్తూ నిలబడింది. పిల్లలు చూస్తున్నారు. చితి మీద ఆ కుర్రాడు ఒక కన్ను తెరిచి చూసి మూశాడు. ఎవరూ పిలవడం లేదు.

ఏడుసార్లు చచ్చిన హార్మోనియం మేనమామ మీద ఒట్టు, నేను లేవాలనుకోలేదు. కానీ అప్పటికే నిలబడి ఉన్నాను. కుర్చీ నాతోపాటే లేచింది. దాన్ని ఒక చేత్తో వెనక్కి ఊడదీసుకుంటూ, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

ఆ కుర్రాడు లేచాడు. మనవరాలు గిర్రున తిరిగి నన్ను చూసింది. గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది పాపం, వెతకాల్సిన పుల్ల చాలా లోపల ఉంది కదా. గుర్తుపట్టాక మాత్రం రెండు చేతుల్తో నోరు మూసుకుని నవ్వింది, ఏడ్చింది, ఏదో చేసింది. నాకు సరిగ్గా కనబడలేదు. కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. ఆ కళ్ళజోడు మాత్రం ఇప్పటికీ కిలోయే.